‘బాగుంది’ అంటే విప్పేస్తడు

‘బాగుంది’ అన్న మాట ఇనపడితే చాలు, అహ్మద్ పాషా జేబులోంచి స్క్రూడ్రైవర్ తీస్తడు. తీసి, అప్పుడే బిగించిన స్పీకర్‌ను మళ్ల విప్పుతడు. ఏందయ్యా ఇది అంటే, “మంది బాగుంది అంటున్నరంటే ఎక్కడో బాగలేదక్కా. నిజంగ బాగుంటే నా మొఖం ఎందుకు చూస్తరు? పాటలో పడి నన్ను మర్చిపోతరు” అంటడు.

ఏన్కూరు రోడ్డు మీద మా ఇంటికి ఎదురుంగ రేకుల షెడ్డు ఆయనది. బండ్లకు పాటల సెట్లు బిగించుడు ఆయన పని. ఇరవై ఏండ్ల సంది చూస్తున్న, చెప్పిన తారీఖుకు ఆ షెడ్డులోంచి ఒక్క బండి బయటికి రాలే. బండి ఇచ్చేటప్పుడు మీసం కూడ మొలవని పిలగాడు, తీసుకపోయేటప్పుడు గడ్డంతోటి వచ్చిండు. నవ్వకున్రి, కండ్లార చూసిన.

తండా సోమ్లా ట్రాక్టర్‌కు స్పీకర్ డబ్బాలు పెట్టించుకున్నడు. మిర్చి పూత మీదున్నప్పుడు బండి ఇచ్చిండు. వారం తర్వాత పాట ఇని సంబరపడి, “బాగుంది పాషాభాయ్!” అన్నడు. అయిపాయె. పాషా మొఖం మాడిపోయింది, స్క్రూడ్రైవర్ బయటికి వచ్చింది. మిర్చి ఎర్రబడ్డది, కోసిన్రు, కల్లంలో ఎండబెట్టిన్రు, పక్కోళ్ల ట్రాక్టర్‌లో ఖమ్మం మార్కెట్‌కు పోయింది. సోమ్లా ట్రాక్టర్ మాత్రం షెడ్డులోనే. ఈసారి తెలివికొచ్చి, “ఏం బాగలేదు భాయ్” అన్నడు. “గట్ల చెప్పు! ఏం బాగలేదు?” అని పాషా మళ్ల విప్పిండు.

ఆఖరికి బడిపంతులు రామ్‌చందర్ సారు ఉపాయం చెప్పిండు. “నోరు తెరవకు సోమ్లా. ఎక్కు, స్టార్ట్ చెయ్యి, పో.” సోమ్లా గట్లనే చేసిండు. పాషా స్క్రూడ్రైవర్ పట్టుకొని సెంటర్ దాకా ట్రాక్టర్ ఎనక ఉరికిండు, “అరే, ఎట్లున్నదో చెప్పి పో!” అనుకుంట.

ఇంట్ల కూడ గదే యవ్వారం. ఒకసారి ఆయన పెండ్లాం షాకేరా బగారన్నం పంపితే, తిని రోడ్డు మీదనే అన్న, “పాషా, మీ ఇంట్ల అన్నం మస్తున్నదయ్యా” అని. ఆయన లోపలికి పోయి, “అక్క మస్తున్నది అంటున్నది, ఏం తక్కువైంది?” అని షాకేరాను నిలదీసిండట. ఆమె గంటె పట్టుకొని నా మీదికొచ్చింది. “అక్కా, ముప్ఫై ఏండ్ల కాపురంలో ఆయన అంగీ బాగుందని నేను ఒక్క దినం అనలే. అంటే దర్జీ కాడికి పోతడు. నువ్వెందుకు అన్నవు?”

గిసొంటి మనిషికి మా బండి దొరికింది.

మా ఆయన ముప్ఫై ఐదేండ్లు ఖమ్మం నుంచి భద్రాచలానికి టాక్సీ నడిపిండు. అంబాసిడర్. కిరాయిలు బంద్ చేసినంక కూడ దాన్ని అమ్మలే. బాడీ పనిచేసేటోళ్ల కాడ నెలల తరబడి పెట్టి పాలపిట్ట రంగు ఏయించిండు. లోపల ఎర్ర మఖ్మల్ సీట్లు, ముందట టేకు చెక్క, మూతి మీద ఇత్తడి నెమలి. మందికి అది మహారాజు బండి. నాకైతే, మిక్సీ కొనియ్యకుండ ఏయించిన రంగు. ఇగ దానికి పాటల సెట్టు ఒక్కటే తక్కువని, మాఘంలో తోలుకపోయి పాషా షెడ్డులో పెట్టిండు.

మా ఆయన సంగతి ఒకటి చెప్పాలె. స్టీరింగ్ పట్టుకుంటే ఆయన నోరు ఆగేది కాదు. గుట్ట కనపడితే గుట్ట కథ, వాగు కనపడితే వాగు కథ. “చాలు తియ్యి” అన్నా చెప్పేటోడు. గట్లాంటి మనిషి రెండేండ్ల సంది ఉలుకు లేదు, పలుకు లేదు. నెలకొకసారి భద్రాచలంలో మా బిడ్డ కళావతి ఇంటికి పోతం. నేను ఎనక సీట్లో ఎడమ దిక్కు కూసుంట, అది నా జాగ. పాల్వంచ దాటి అడవి వచ్చినా, గోదావరి బ్రిడ్జి వచ్చినా, ఆయన మెడ ఎనక ముడతలు చూసుకుంట కూసునుడే నా పని. మాటలతోటి అలసిపోతే కునుకు తీస్తే పోతది. మాటల్లేక అలసిపోతే కునుకు కూడ రాదు. ఏం కోపమో, నా మీద ఏం మొహం మొత్తిందో, అడుగుదామంటే పౌరుషం అడ్డం.

ఆయనొక్కడే కాదులే, ఈ మధ్య జనానికే నోరు పెగుల్తలేదు. అందరు గొణుగుడే, టీవీలోళ్లతో సహా. కళావతి అయితే, “అమ్మా, చెవి డాక్టరుకు చూపిద్దాం” అన్నది. “ముందు నీ నోటికి చూపించుకో, సాఫ్‌గ మాట్లాడుడు నేర్చుకో” అన్న. చెవిలో పెట్టుకునే మిషిను కొనితెచ్చింది. తీసి బియ్యం డబ్బాలో పడేసిన. నా కుడి చెవికి జర బద్ధకం ఉంటే ఉండొచ్చు. బద్ధకానికి మిషిన్లా?

స్పీకర్లు తలుపులకు పెట్టిన రోజు పాషా వచ్చి, “అక్కా, నీ జాగల నువ్వు కూసోవాలె. మనిషి కూసుంటేనే సౌండ్ తెలుస్తది” అన్నడు. పోయి కూసున్న. ఆయన డ్రైవర్ సీట్లో కూసొని, చెయ్యి పైకెత్తిండు. పాట పెట్టినట్టున్నదని, “బాగుంది పాషా, పాత పాట, మంచి గొంతు” అన్న.

పాషా ఎనకకు తిరిగి నన్ను చాన సేపు చూసిండు. స్క్రూడ్రైవర్ తీసిండు.

నా నోటికి ఏం పుట్టిందని అంటిని! తర్వాత మూడు నెలలు నా బతుకు ఆ సీట్లోనే తెల్లారింది. పొద్దున పిలుస్తడు, పోవాలె. చెయ్యి ఎత్తుతడు, “అవ్, అవ్” అనాలె. విప్పుతడు. రేకుల కింద ఉడికి, నడుములు పడిపోయి, ఇంటికి వచ్చి పండుకుంటె మళ్ల పిలుపు. “నేను ఇనపడుతుంది అంటుంటే, నువ్వు లేదంటవేందయ్యా? చెవులు నావా, నీయా?” అంటే, “నీయే అక్కా. గందుకే గదా” అంటడు. ఆ మాటకు అర్థమేంది?

పైగా నా ఇల్లు దోసుడు. తలుపుల చప్పుడు ఆపాలని బూరుగు దూది అడిగిండు, ఇచ్చిన. పాత చీరలడిగిండు, ఇచ్చిన. అడవి దిక్కు నుంచి జంపక్క తపసి బంక అమ్మటానికి వస్తే, దూది అతికించాలని తట్ట తట్టనే దించుకున్నడు. ఒక పొద్దు దండెం మీది నా బొంత మాయమైంది. “పాషా, బొంత చూసినవా?” అంటే, “ఏ బొంత అక్కా?” అని ఆకాశం దిక్కు చూసిండు.

స్టీరింగ్ పక్కన చిన్న మైకు పెట్టిండు. “ఇదెందుకయ్యా?” అన్న. “పెండ్లి ఊరేగింపుకు కిరాయికిస్తే పనికొస్తది” అన్నడు. ఈ బండిని మా ఆయన దేవునికి కూడ కిరాయికియ్యడు. ఇగ నా తల ఆనే కాడ, ఎడమ చెవి పక్కన, చిప్పంత స్పీకర్ ఒకటి. “అందరికి తలుపులో ఉంటె నాకు చెవికాడ ఎందుకు?” “డిజైన్ అక్కా.”

ఆ డిజైన్ పెట్టిన కాడి నుంచి బండి కూత మొదలైంది. స్విచ్ ఏస్తే చాలు, కీ… అని. నాకే చెవి గుయ్యిమన్నదంటే చూడున్రి. ఊరకుక్కలన్ని షెడ్డు ముందట కూసొని దానికి వంత పాడినయి. పక్కింటి బర్రె రెండు పూటలు పాలు చేపలే.

“ఏందయ్యా ఈ అరుపు?”

“మైకు ఇన్నది స్పీకర్ చెప్తది, స్పీకర్ చెప్పింది మైకు ఇంటది. ఒకరిదొకరు అందుకొని అరుస్తరక్కా.”

“అంటే మొగుడూ పెండ్లాల లెక్క.”

“అరుచుకుంటె మంచిదే అక్కా. అరుచుడు బంద్ అయితేనే కష్టం” అన్నడు. అని మళ్ల విప్పిండు.

ఎండాకాలం ముదిరింది. మా ఆయన పొద్దుకు నాలుగు సార్లు రోడ్డు దాటి వచ్చి, బండి మూతి తుడిచి, నిట్టూర్చి పోతున్నడు. నాకు పాట వద్దు, బండి వద్దు, ఇంత చల్లటి అంబలి, ఒక మంచం ఉంటె చాలనిపించింది.

ఒకనాడు పాషా ముందట కూసున్నడు. అటే మొఖం పెట్టి, ఏదో తనలో తను అనుకున్నట్టు, “అక్క బొంత డిక్కీలో ఉన్నది, ఎప్పుడు చూస్తదో ఏమో” అన్నడు.

“నా బొంత నీ డిక్కీలో ఎందుకున్నదయ్యా దొంగ సచ్చినోడా!” అన్న.

పాషా దిగి, తలుపు మెల్లగ ఏసి, మా ఆయనను పిలిచిండు. “దూలయ్యన్నా, బండి తీసుకపో. భద్రాచలం పోయి రాండ్రి.” మూడు నెలల తర్వాత, విప్పకుండ. చేతిలో స్క్రూడ్రైవర్ మాత్రం అట్లనే ఉన్నది. ఆనాడు చెయ్యి ఎత్తలేదన్న సంగతి నాకు తట్టనే లేదు.

తెల్లారి బయలుదేరినం. జూలూరుపాడు దాటేదాక మా ఆయన పాటలు పెట్టిండు. కొత్తగూడెంలో ట్రాఫిక్‌కు బంద్ చేసిండు. పాల్వంచ దాటి అడవి మొదలైనంక, నా ఎడమ చెవిలో ఎవరో మాట్లాడిన్రు.

“ఇప్పపూలు రాలుడు అయిపోయినట్టున్నది ఈసారి… ఇగో, ఈ మలుపుకాడనే గదా టైరు పేలింది. అప్పుడు కళావతి చంకల ఉండె. నువ్వు రోడ్డు మీదనే కూసొని, మామిడికాయ తిన్నవు…”

నేను ఎవరా అని పక్కకు చూసిన. ఎవరు లేరు. ముందట మా ఆయన మెడ ముడతలు కదులుతున్నయి. మాట ఆయనదే. తన గొంతు నా చెవిలకు పోతున్నదని ఆయనకు ఎరుకలేదు. గుట్టకు గుట్ట కథ, వాగుకు వాగు కథ. మధ్యమధ్య ఆగి, “ఎవలకు చెప్తున్న, స్టీరింగ్‌కు చెప్పినా ఒకటే, ఈమెకు చెప్పినా ఒకటే” అని, మళ్ల మొదలు.

అంటే ఈ మనిషి నోరు ఆపనే లేదు. రెండేండ్ల సంది చెప్తనే ఉన్నడు.

నేను కొంగు సర్దుకొని కిటికీ దిక్కు చూసుకుంట కూసున్న. బ్రిడ్జి దాకా మాట్లాడొద్దు, ఇనాలె అనుకున్న. గని సారపాక దాటంగనే ఆయన అన్నడు, “కళావతి చేసే పులుసు అచ్చం తల్లి చేతి పులుసే. ఉప్పు ఎక్కువ.”

“ఉప్పు ఎక్కువైతే నలభై ఏండ్లు గిన్నెలు నాకి ఎట్ల తిన్నవు?”

బండి కీచుమని ఆగింది. ఎనక బస్సోడు హారన్ కొట్టిండు. మా ఆయన తిరిగి నన్ను చూసిండు, దయ్యాన్ని చూసినట్టు.

“నీకు… ఇనపడ్డదా?”

“టైరు పేలినప్పుడు తిన్నది మామిడికాయ కాదు, జామకాయ. పోనీయ్, ఎనక బస్సున్నది.”

ఆ బ్రిడ్జి మీద మేము ఎంత కొట్లాడినమో గోదావరికే ఎరుక. తిరుగు ప్రయాణంలో కూడ తెగలే. మామిడికాయనే అంటడు ఇప్పటికీ.

ఏన్కూరు రాంగనే, పాషాతోటి ఒక పంచాయితీ ఉన్నదని తిన్నగ షెడ్డు కాడ దిగిన. నా చెవుల సంగతి ఈయనకెందుకు? షాకేరా గుమ్మంలో కూసొని బియ్యం ఏరుతున్నది. నన్ను చూసి నవ్వు ఆపుకోలేకపోయింది.

“అక్కా, మొదటి రోజు పాత పాట, మంచి గొంతు అన్నవట గదా. ఆనాడు ఆయన వైరే కలపలే. ఉత్తగ చెయ్యి ఎత్తిండు, అంతే. ఆ పూట అన్నం కూడ తినలే. ‘దూలయ్యన్న ముందట కూసొని మాట్లాడుకుంట పోతడు, అక్క ఎనక మూతి ముడుచుకొని కూసుంటది, ఇద్దరూ అలసిపోయిన్రు షాకేరా. డాక్టరు అంటే అక్క కొడతది. స్పీకర్ అంటే ఏమనదు’ అన్నడు.”

పాషా బండి పక్కన నిలబడి నేల చూస్తున్నడు. కొట్టాలనిపించింది. ఇంకేదో కూడ అనిపించింది, అది మీకెందుకు.

“అక్కా, ఎట్లున్నది?” అన్నడు మెల్లగ. స్క్రూడ్రైవర్ సిద్ధంగ ఉన్నది. బాగుంది అంటె విప్పుతడు. బాగలేదు అన్నా విప్పుతడు. ఊకుంటె ఎనక ఉరుకుతడు.

“ఏమున్నది పాషా” అన్న. “పోయేటప్పుడు, వచ్చేటప్పుడు ఒకటే సోది. గుట్టంటడు, వాగంటడు, పులుసుల ఉప్పంటడు. తల పగిలిపోయింది. ఇగ ఆ జామకాయ సంగతి చూడు, ఈ మనిషికి…”

నేను జామకాయ సంగతి చెప్తనే ఉన్న. మా ఆయన మధ్యలో దూరి మామిడికాయ అంటనే ఉన్నడు. పాషా కాసేపు ఇద్దరి మొఖాలు చూసి, స్క్రూడ్రైవర్‌ను జేబులో పెట్టుకొని, చాయ తాగుతందుకు పోయిండు.