హుండీలో పడిన పన్నెండు మాటలు

పాకాల జయచంద్ర ఎవరినీ నమ్మడు. అది పుట్టుకతో వచ్చిన గుణం కాదు, మనుషులే నేర్పారు. రేణిగుంట గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ తోలి మిగిల్చిన జీతంతో ఒక కంపెనీ యాప్‌లో క్రిప్టో కొన్నాడు. ఒక ఉదయం ఆ యాప్ డబ్బు తియ్యనివ్వలేదు. ఫోన్ చేస్తే "చూస్తున్నాం సర్" అన్నారు. ఇప్పటికీ చూస్తూనే ఉన్నారు. కంపెనీ మునిగితే అది వార్త. ఫోర్క్‌లిఫ్ట్ తోలేవాడు మునిగితే వాడి తెలివితక్కువతనం.

పాకాలలో సొంతంగా ఆటో రిపేరు షెడ్డు పెట్టాలని మళ్ళీ కూడబెట్టాడు. ఈసారి కొన్న క్రిప్టో కాయిన్లను ఏ కంపెనీ చేతికీ ఇవ్వకుండా తన ఫోన్‌లోనే వాలెట్ పెట్టుకున్నాడు. అది పన్నెండు ఇంగ్లీషు మాటలిచ్చింది. ఫోన్ పోయినా ఆ మాటలు వరసగా కొడితే సొమ్ము తిరిగొస్తుంది. ఎవడు కొట్టినా వస్తుంది, అదే చిక్కు. వాటిని చిన్న స్టీలు రేకు మీద చెక్కి, పసుపు గుడ్డలో మూటగట్టి, దేవుడి గూట్లో పెట్టాడు. ముడుపు మీద ఆ ఇంట్లో ఎవరూ చెయ్యి వెయ్యరు. బ్యాంకు లాకర్‌కైనా రెండో తాళంచెవి ఉంటుంది, దీనికి అదీ లేదని లోలోపల మురిసిపోయాడు. భార్య నందినికి కూడా చెప్పలేదు. ఆ ధీమాతోనే, ఫోన్ బ్యాటరీ ఉబ్బి చచ్చిపోయినా బాగుచేయించలేదు. కొత్త ఫోన్ కొనుక్కుని, పాతదాన్ని బీరువాలో పడేశాడు.

అమ్మ చంద్రకాంతమ్మ ఒకనాడు వీధి ఆడవాళ్ళతో కలిసి తిరుమల కొండకు పోయి వచ్చింది.

"నీ ముడుపు చెల్లించేసినా లేరా. దేవుడి సొమ్ము ఎన్నాళ్ళు ఇంట్లో పెట్టుకుంటావు?"

"యాడ ఏసినావమ్మా?"

"యాడ ఏస్తారు? హుండీలో."

"విప్పి సూసినావా?"

"ముడుపు విప్పి సూస్తారంట్రా ఎవురైనా? కళ్ళు పోతాయి!"

ఫక్కున నవ్వబోయిన నందిని, మొగుడి మొహం చూసి ఆగిపోయింది. లోపలికి తీసుకెళ్ళి అడిగింది. ఇక చెప్పక తప్పలేదు. రేకు పోయింది. పాత ఫోన్ బతకకపోతే షెడ్డు పోయినట్టే. తన మీద ఎవడూ లేడని ఇన్నాళ్ళూ గర్వపడ్డాడు. ఇప్పుడు మొర పెట్టుకుందామన్నా ఎవడూ లేడు.

మర్నాడు ఇద్దరూ తిరుపతిలో రూపేష్ మొబైల్ షాపుకు పోయారు.

"లాక్ నంబరు సెప్పి పో అన్నా. సాయంత్రం రా."

"లేదబ్బా. ఈడే కూసుంటా."

"నా మీద నమ్మకం లేదా?"

"నా మీదే లేదు. నువ్వు బ్యాటరీ మార్చు, నంబరు నేను కొడతా."

"మా ఆయన పెళ్ళి నాడు తాళి గూడా సెక్ చేసే కట్టినాడు, నువ్వేమీ అనుకోవద్దు," అంది నందిని. రూపేష్ నవ్వుతూ వెనక మూత ఊడదీశాడు.

కొత్త బ్యాటరీ పడింది. తెర చాలాసేపు నల్లగానే ఉండి, వెలిగింది. జయచంద్ర షాపు మెట్ల మీద కూర్చుని, కొత్త ఫోన్‌లో కొత్త వాలెట్ తెరిచి, కాయిన్లన్నీ అందులోకి పంపాడు. అవి చేరేదాకా మెట్టు దిగలేదు. చేరాయి. ఇక ఆ రేకు ఎవరి కంటబడినా భయం లేదు, అది ఖాళీ పెట్టె తాళంచెవి.

"కొత్త మాటలు యాడ దాస్తావు?" అంది నందిని.

"ఎవురికీ తెలియని సోట."

"నీకేమన్నా అయితే నాకూ తెలియని సోటే గదా?"

"రెండు సోట్ల పెడితే దొంగకు రెండు దార్లు."

"ఒక్క సోటే పెడితివి. దొంగ రానేలేదు, ఏమాయె?"

దొంగలకు భయపడి భయపడి, పారేసుకోవడమనేది ఒకటుందని మరిచిపోయాడు. ఇంటికి పోగానే రెండు రేకులు చెక్కాలని, ఒకటి కార్వేటినగరంలో నందిని పుట్టింట్లో, ఆమె పెట్టెలో ఉండాలని అక్కడే తేల్చుకున్నారు. ఆ పెట్టె తాళంచెవి ఆమె దగ్గరే.

"మా నాయన ఇదేందంటే ఏమని సెప్పేది?"

"ఉన్నదే సెప్పు."

"నాకు తెలిస్తే గదా సెప్పేకి!"

పాకాల బస్సులో కిటికీ పక్కన ఆమెను కూర్చోబెట్టి, వాలెట్ అంటే ఏమిటో మొదటినుంచీ మొదలుపెట్టాడు. ముందు సీటాయన చెవి ఇటు పారేసేసరికి గొంతు తగ్గించాడు.

"గట్టిగా సెప్పు," అంది నందిని. "ఆ పన్నెండూ తప్ప మిగతాది వింటే ఏం పోతాది?"

జయచంద్ర గొంతు పెంచాడు.