ఓడలో వచ్చిన పిల్ల కోసం ప్రార్థన

అమెరికా అంటే మా వైపు అందరికీ పూనకం. నాకు మాత్రం ఆ పేరు వింటే ఒళ్ళు మండుతుంది. అలాగని నేనెప్పుడూ అక్కడికి వెళ్ళలేదు. నేనుండేది కువైట్‌లో, ఎగైలాలో ఒక పెద్దింట్లో పనిమనిషిగా. నా కొంప ముంచింది అమెరికా కూడా కాదు, అక్కడి పాతకాలం మీద పిల్లల కోసం రాసిన ఒక కథల పుస్తకం.

మా మామా, అంటే ఇంటి యజమానురాలు, కూతుర్ని ఇంగ్లీషు బడిలో వేసింది. నాలుగో తరగతిలో ఆ పిల్లకి ఒక నవల చదవమని ఇచ్చారు. తల్లికి తీరిక లేదు, ట్యూషన్ చెప్పే ఆవిడ మధ్యలో మానేసింది. నేను ఇంటరు దాకా ఇంగ్లీషులోనే చదివానని ఏదో మాటల్లో నోరు జారాను. ఇంకేముంది, గిన్నెలు తోమిన చేతుల్తోనే పుస్తకం పట్టుకోవాల్సి వచ్చింది.

"యల్లా, ఇక కానియ్, నువ్వే చదివించు. బడి మూసేలోపు పుస్తకం అయిపోవాలి. మూశాక నువ్వు మీ ఊరు వెళ్ళి రా," అంది మామా.

ఆ మాట ఒక్కటి చాలు, పుస్తకమేం ఖర్మ, గోడలు కూడా చదివేదాన్ని. ఊళ్ళో నా కూతురుంది. అదీ నాలుగో తరగతే. తప్పటడుగులు వేస్తున్నప్పుడు మా చెల్లెలి చేతిలో పెట్టి విమానం ఎక్కాను. మధ్యలో ఒకసారి వెళ్తే నన్ను చూసి తలుపు చాటున దాక్కుంది. కాస్త చేరువయ్యేసరికి నా సెలవు అయిపోయింది. ఇప్పుడు ఫోన్లో నాతో మాట్లాడమంటే దానికి ఎక్కం అప్పజెప్పమన్నట్టు ఉంటుంది. ఈ వేసవికి వెళ్ళి పక్కలో పడుకోబెట్టుకోకపోతే అది ఇక నాకు దక్కదని భయం పట్టుకుంది.

కథ బాగుంది, అబద్ధమెందుకు. అమెరికా ఇంకా ఒక దేశం కాని రోజులు. ఒక పేదపిల్ల ఓడెక్కి అక్కడికి వెళ్తుంది. ఓడ ఖర్చు పెట్టుకున్నవాడి పొలంలో ఏడేళ్ళు జీతం లేకుండా చాకిరీ చెయ్యాలి. గడువు దగ్గరపడేసరికి వాడు ఏదో వంక పెట్టి ఇంకో రెండేళ్ళు పొడిగిస్తాడు. ఆ పిల్ల పారిపోతుంది. అడవిలో పడుతుంది, మంచు కట్టిన నది దాటుతుంది, తోడేళ్ళు వెంటపడతాయి. మామా కూతురు మంచం మీద ఎగిరి గంతులేసేది, "పరిగెత్తు, పరిగెత్తు!" అని. పారిపోయే పనిపిల్ల పుస్తకంలో ఉన్నంతసేపూ ఎంత ముద్దో ఈ ఇళ్ళలో!

శుక్రవారం మహబూలాలో ఒక ఫ్లాట్‌లో మా ప్రార్థన కూడిక జరుగుతుంది. ఇంచుమించు అందరం గోదావరి వైపు వాళ్ళమే. వాక్యం, పాటలు అయ్యాక టీ తాగుతూ కష్టసుఖాలు చెప్పుకుంటాం. కష్టాలు విని విని విసుగొచ్చి ఒకవారం ఈ కథ ఎత్తుకున్నాను. ఇక వచ్చిన ప్రతివారమూ "ఆ పిల్ల ఏమయ్యిందే, సెప్పవే" అని ప్రాణాలు తోడేసేవాళ్ళు. ఎవరి కథైనా మనం మన మాటల్లోనే కదా చెప్తాం. పొలం ఆసామిని కఫీల్ అన్నాను, ఇక్కడ మాకు వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమానిని అలాగే అంటాం. వాడి పెళ్ళాన్ని మామా అన్నాను. రాసుకున్న ఒప్పందాన్ని అగ్రిమెంటు అన్నాను. మావాళ్ళకి ఇట్టే అర్థమైంది. అదే నా పాలిట శాపమైంది.

మా మామాకి ఒక అక్క ఉంది, పక్క వీధిలోనే ఇల్లు. ఆ ఇంట్లో మా రాజోలు వైపు ఆవిడ పనిచేస్తుంది. నాకన్నా పెద్దది, అక్కా అని పిలుస్తాను. అంతకుముందు వారాలు రావడం కుదరని ఆవిడ ఒక శుక్రవారం ఆలస్యంగా వచ్చి, కఫీల్ రెండేళ్ళు పొడిగించాడన్న చోట కూర్చుంది. ఇది పుస్తకంలో కథని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. పిల్ల పారిపోవాలనుకుంటోందని చెప్పి ఆ వారానికి ఆపాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని, చివరి ప్రార్థనలో గొంతెత్తింది. "ఆ బిడ్డని ఆ కఫీల్ సేతిలోంచి ఇడిపించు తండ్రీ! పోలీసోళ్ళ కంట పడనీయకు తండ్రీ!" అందరూ ఆమెన్ అన్నారు. నేనూ నవ్వాపుకుని ఆమెన్ అన్నాను. పుస్తకంలో పిల్లకైనా నాలుగు మంచి మాటలు పడితే పోయేదేముంది అనుకున్నాను.

ఆవిడ ఊరుకుందా? తిన్నగా వెళ్ళి వాళ్ళ మామాకి చెప్పింది. ఆ మామాది జాలిగుండె, ఆ కఫీల్ ఎవరో కనుక్కుని నచ్చచెప్తుందని ఆశ. ఎవరు చెప్పారని ఆవిడ అడిగితే, "మీ చెల్లిగారింట్లో పిల్లే" అని నా పేరు పెట్టింది. కథ నాదే అనుకుని ఆ మామా చెల్లెలికి ఫోన్ చేసింది.

మర్నాడు పొద్దున్నే మా మామా నన్ను హాల్లోకి పిలిచింది. మొహం కందగడ్డలా ఉంది.

"నిన్ను కట్టేసి పెట్టానని ఊరంతా చెప్తున్నావట! పారిపోతావా? ఏం తక్కువ చేశాను నీకు?"

సంగతి అర్థమయ్యాక, "మామా, అది నా కథ కాదు, పాప పుస్తకంలో కథ!" అని మొత్తుకున్నాను. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని మా అమ్మ ఊరికే అనలేదు. పాపను పిలిచాం. ఆ పిల్ల పుస్తకం తెచ్చి పేజీలు తిప్పి చూపించింది. మామా చదివింది. చదివి పకపకా నవ్వింది. హమ్మయ్య, గండం గడిచింది అనుకున్నాను.

నవ్వడం అయ్యాక పుస్తకం మూసి, "సరే, పుస్తకమే. కానీ ఇన్ని వారాలుగా నీ నోట్లో అదే ఎందుకు నానుతోంది? నువ్వు వెళ్తే తిరిగి రావు. ఈ ఏడు సెలవు లేదు," అంది.

"నా కూతురు మామా," అన్నాను.

"వచ్చే ఏడు చూద్దాం. పాపకి మంచి మార్కులు వస్తున్నాయి, నువ్వే చదివించాలి. దీనికి రెండో భాగం కూడా ఉందట. ఖలాస్."

కడుపు మండిపోయింది. శుక్రవారం ఆ అక్కని పట్టుకుని కడిగేశాను. "నీకు నోరాగదా? ఎవరు చెప్పమన్నారు నిన్ను?" ఆవిడ బిక్కచచ్చిపోయి, "నిజవేనేమో అనుకున్నానే. మన కత లాగే ఉంటే కతని ఎలా తెలుత్తాదే?" అంది. నాకు ఇంకా కోపం వచ్చింది, అంతే.

చివరి అధ్యాయం కూడా నేనే చదివించాను. పారిపోయిన పిల్ల పట్టుబడుతుంది, మిగతా గడువూ చేస్తుంది. ఆఖర్న దానికి కొంత భూమి, ఒక ఆవు, మంచి మొగుడు. ఆ భూమి అంతకుముందు ఎవరిదో పుస్తకంలో లేదు. అయినా దాని కాళ్ళ కింద నేల దానిదైంది. మాకు ఇఖామా, అదే ఇక్కడుండే పర్మిట్టు, అయిపోతే విమానాశ్రయం దాకా కారిస్తారు, అదీ బుద్ధి పుడితే.

"మరి వాళ్ళమ్మ?" అన్నాను పాపతో.

"ఏ అమ్మ?" అంది పాప. మొదటి పేజీలో రేవులో నిలబడి ఏడ్చిన తల్లి ఆ పిల్లకి గుర్తే లేదు. పుస్తకం రాసినవాళ్ళకీ గుర్తున్నట్టు లేదు.

ఆ సాయంత్రం ఇంటికి ఫోన్ చేశాను. ఎలా చెప్పాలా అని మధ్యాహ్నమంతా మాటలు కూడబలుక్కున్నాను. ఏడిస్తే ఏం బుజ్జగించాలో, అలిగితే ఏం ఆశ పెట్టాలో అన్నీ సిద్ధం చేసుకున్నాను. మా చెల్లెలు ఫోన్ దాని చేతికిచ్చింది.

"ఈ వేసవికి రావడం కుదరట్లేదు నాన్నా," అన్నాను.

"ఊఁ," అంది. ఏడవలేదు, అలగలేదు. "అయితే నేను పిన్నీవాళ్ళతో విశాఖపట్నం వెళ్ళొచ్చా?" అంది. ఆ గొంతులో ఎంత సంతోషమో.

వెళ్ళమన్నాను.