వదిన కట్టని కిస్తీ

మంగళవారం వచ్చిందంటే నాకు పొద్దున్నించే కంగారు. పది గంటలకల్లా మా ముందుగదిలో చాపలు పరిచి ఉండాలి. మా అప్పుల సంఘం అక్కడే కూర్చునేది. రైల్వే కాలనీ చుట్టుపక్కల ఆడవాళ్ళం, సగం మంది తెలుగువాళ్ళం, సగం మంది ఇక్కడి హిందీవాళ్ళు. కంపెనీవాళ్ళు తాకట్టు లేకుండా అప్పిస్తారు, బదులుగా ఒకరికొకరం పూచీ. ఎవరి కిస్తీ తగ్గినా అది పూర్తయ్యేదాకా ఎవరూ చాప మీంచి లేవకూడదు. ఇది ఏ కాగితంలోనూ లేదు గానీ అందరికీ కంఠతా వచ్చు.

వసూలుకి వచ్చే ఆఫీసరు మర్యాదస్తుడు. చెప్పులు వీధిలోనే విడిచేవాడు, గొంతు పెంచేవాడు కాదు. అప్పిచ్చిన రోజున నియమాలన్నీ చదివి వినిపించాడు. బెదిరించకూడదు. పొద్దుపోయాక ఫోను చెయ్యకూడదు. మనిషి సంఘానికి వరసగా రెండుసార్లు రాకపోతే తప్ప ఇంటికెళ్ళి అడగకూడదు. కిస్తీలన్నీ కలిపి ఇంటి రాబడిలో సగం దాటకూడదని కూడా ఉందట, అందుకని ఫారంలో అందరి రాబడీ కాస్త పెంచి రాసుకున్నాడు. కాగితం మీద మేమంతా కలిగినవాళ్ళమే. మా గురించి ఇన్ని నియమాలు పెట్టారా అని ఆ రోజు నేను మురిసిపోయాను కూడా.

వదిన నాకు చుట్టం కాదు. వాళ్ళ మామగారూ మా మామగారూ శ్రీకాకుళం వైపు నుంచి ఒకే కాలంలో రైల్వే పనికి బిలాస్‌పూర్ వచ్చారు, ఆ వరస. ఆవిణ్ణి సంఘంలో చేర్పించింది నేనే. అప్పుతో గ్రైండరు కొని, ఇడ్లీ పిండి రుబ్బి క్వార్టర్లలో అమ్మేది. వాళ్ళాయన రైల్వే షెడ్డులో కాంట్రాక్టు మనిషి. కొత్త కాంట్రాక్టరు వచ్చి పాతవాళ్ళని మానిపించేసరికి ఇల్లంతా ఆ పిండి మీదే నడవాల్సి వచ్చింది.

నా గొడవ నాది. మా అమ్మాయి నర్సింగు రెండో ఏడు ఫీజుకి శనివారం ఆఖరు. నా పాత అప్పు తీరింది, కొత్తది మంజూరైంది. ఆ వారం సంఘంలో ఎవరి బాకీ కూడా లేకపోతే డబ్బు ఖాతాలో పడుతుంది, ఉంటే ఆగిపోతుంది. మా ఆయన సర్కండాకీ స్టేషనుకీ మధ్య ఆటో ఎంత తిప్పినా అంత డబ్బు రాదు.

ఆ మంగళవారం వదిన రాలేదు.

పదిన్నరైంది, పదకొండైంది. ఫోను ఎత్తడం లేదు. తెలిపారాలో వంటపనికి వెళ్ళే ఆవిడ, ఆలస్యమైతే తనని మానిపిస్తారని గొణుగుతోంది. అందరూ నా వైపే చూస్తున్నారు, తెచ్చి చేర్పించింది నేనే కదా. వదినకి ఏమైందోనన్న బెంగ ఒకటి, ఫీజు బెంగ ఒకటి. ఏది ముందని అడిగితే ఫీజే.

"ఈ వారం నేను వాళ్ళింటికి వెళ్ళకూడదు దీదీ, రూలు ఒప్పుకోదు," అన్నాడు ఆఫీసరు నెమ్మదిగా, హిందీలో. "మీరంతా అక్కచెల్లెళ్ళు. మీరు వెళ్తే తప్పేముంది?"

ఆ నియమాలు కట్టేసింది అతన్నే, మమ్మల్ని కాదు. అతను ఫ్యాను కింద కూర్చున్నాడు, మేం అందరం బయల్దేరాం.

వదిన ఇంటి తలుపుకి తాళం ఉంది. పారిపోయిందని ఒకామె అంది. తాళం పగలగొట్టి గ్రైండరు తెచ్చేద్దామని ఇంకొకామె అంది. నాకు మాత్రం అప్పులపాలైనవాళ్ళ గురించి పేపర్లో చదివే వార్తలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఇంటి వెనక్కి పరిగెత్తి కిటికీ రెక్క తోశాను. వదిన గ్రైండరు పక్కన నేల మీద కూర్చుని ఉంది. నాకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

"నువ్వు కూడా వచ్చీసేవేటి?" అంది.

"బయట తాళం ఎవరేసేరు వదినా?"

"మీ అన్నయ్యే. నానే ఏసీమన్నాను. ఈలందరూ వస్తారని తెలుసు. నువ్వు రావనుకున్నాను."

అన్నం తిన్నావా అని అడగాల్సింది. "డబ్బులు ఎంతున్నాయి?" అని అడిగాను.

"సగం. మిగతాది ఎక్కణ్ణించి తెచ్చీది?"

ముందు వైపు నుంచి ఎవరో, ఉందా లేదా అని అరిచారు. లేదు, ఇల్లు ఖాళీ అని చెప్పాను. కిటికీ రెక్క నేనే మూశాను.

మళ్ళీ చాపల మీదికి వచ్చాక, మా ఆయన ఆటో కిస్తీకి దాచిన డబ్బు తీసి వదిన వంతు కట్టాను. ఆ పని ముందే చెయ్యొచ్చు కదా అంటారేమో. ఆటో ఫైనాన్సు వాళ్ళు నియమాలు చదివి వినిపించే రకం కాదు, బండి లాక్కుపోతారు. మూడు రోజులు వీధిలో మోటారు సైకిలు ఆగితే చాలు, వాళ్ళేనేమోనని కిటికీలోంచి తొంగిచూసేదాన్ని. శుక్రవారం అప్పు డబ్బు పడింది. ఫీజు కట్టాం, ఆటో కిస్తీ జరిమానాతో కట్టాం.

పై మంగళవారం వదిన అందరికంటే ముందొచ్చింది. గ్రైండరు గోల్ బజార్లో అమ్మేసిందని అప్పటికే విన్నాను. అందరూ కూర్చునేదాకా ఆగి, తన కిస్తీ ఆఫీసరుకిచ్చి, నేను కట్టిన సొమ్ము నోటు మీద నోటు లెక్కపెట్టి నా చేతిలో పెట్టింది.

"ముట్టిందని అందరికీ వినబడేలా చెప్పు."

"మన మధ్య ఇదేటి వదినా."

"చెప్పు. మళ్ళీ మా గుమ్మంలోకి ఎవరూ రాకూడదు."

ముట్టిందని చెప్పాను. తెలుగు రానివాళ్ళు ఉన్నారు, హిందీలో కూడా చెప్పమంది. చెప్పాను.