రేనో వెతికిన బుడగ

మా రేనో కాంగస్‌కి బుడగలంటే పడదు. సుపీరియర్ సరస్సు ఒడ్డున మా రేవులో ఎవరి పడవకి, నీళ్ల అడుగునున్న చేపల్ని తెరమీద చూపించే ఫిష్‌ఫైండర్ బిగించాలన్నా అతన్నే పిలుస్తారు. పిలిచాక తల పట్టుకుంటారు. పడవ వెనక, నీళ్లలో మునిగేలా సబ్బుబిళ్లంత ట్రాన్స్‌డ్యూసర్ పెట్టాలి. అది అడుక్కి శబ్దం పంపి, తిరిగొచ్చే జవాబు వింటుంది. మధ్యలో బుడగలు అడ్డొచ్చాయా, దానికి చెవుడే. అందుకని బుడగల్లేని చోటు దొరికేదాకా రేనో పడవకి చిల్లు పెట్టడు. ఆ అలవాటు ముదిరి, కాఫీ ఇచ్చినా కప్పులోకి తొంగి చూస్తాడు. "బుడగుంది," అని పక్కన పెట్టేస్తాడు. చర్చిలో పాస్టరుగారి కాఫీకీ అదే మర్యాద.

పోయినేడు మా అక్క ఐలీ అతన్ని పిలిచింది. మా బావ ఉర్హో పోయాక పడవ ఒడ్డునే పడి ఉంది. నీళ్ల కింద రాతిగుట్ట ఎక్కడుందో, దానిమీదికి ట్రౌట్ చేప ఎప్పుడు చేరుతుందో బావకి కళ్లు మూసుకున్నా తెలుసు. అక్క అన్నేళ్లూ ముందు కూర్చుని కాఫీ పోసిందే గాని, ఇంజను పిడి ముట్టుకున్న పాపాన పోలేదు.

"ఈ వేసవి దాటేలోగా నేనొక్కదాన్నే వెళ్లి చేప తేలేకపోతే పడవ అమ్మేస్తా," అంది. అనేసి లోపలికెళ్లింది, చాలాసేపు బయటికి రాలేదు.

అక్క కొన్న ఫిష్‌ఫైండర్ పెట్టె చూసి రేనో పెదవి విరిచాడు. "ఇది చెరువులకి పనికొస్తుంది ఐలీ. మన లోతుకి దీని గొంతు చాలదు. మార్చుకురా."

మార్చుకొచ్చింది. అతను పడవ అడుగంతా చేత్తో తడిమాడు. నీళ్లని చెదరగొట్టే రివెట్ల వరస తప్పించి, ఇంజనుకి దూరంగా వెనక పలకమీద ఒకచోట టేపు ముక్క అంటించాడు. ట్రాన్స్‌డ్యూసర్‌ని ఒక చెక్కకి బిగించి, ఆ చెక్కని పడవ వెనక తాత్కాలికంగా పట్టించాడు.

"ఇక నడుపు."

"నేనా? మా తమ్ముడున్నాడుగా."

"అతను నా కాళ్లు పట్టుకోవాలి. నా తల నీళ్ల దగ్గరుంటుంది."

అక్క పిడి పట్టుకుంది. రేనో వెనక్కి వేలాడాడు. నేను అతని బూట్లు వాటేసుకుని దేవుణ్ణి తల్చుకున్నాను.

"ఏమయ్యా, ఎలా ఉంది?" అంది అక్క.

"బుడగలు. రేపు మళ్లీ చూద్దాం."

మర్నాడు అలల్లో చూడాలన్నాడు. ఆ మర్నాడు ఎదురుగాలిలో. తర్వాత పొగమంచులో. "పొగమంచుకీ బుడగలకీ ఏమిటయ్యా చుట్టరికం?" అన్నాను. "ఉంది," అన్నాడు తలకిందులుగా. రేవులో అందరికీ మేమే కాలక్షేపం. "ఆ పడవకి పెళ్లిచూపులు ఇంకా అవలేదా?" అని అడిగేవారు.

ఒకరోజు రాతిగుట్ట చుట్టూ తిప్పమన్నాడు. తెరమీద చీకట్లోంచి గుట్ట మెల్లగా లేచింది, దానిమీద చేపల గీతలు. అంత లోతున, ఏ మనిషీ చూడని కొండ. అక్క పడవ ఆపేసింది.

"ఉర్హో దీన్ని ఏ యంత్రం లేకుండానే చూశాడా?" అంది.

రేనో తెరని ఆమె వైపు తిప్పాడు.

వేసవి చివర్లో రేనో, "ఇవాళ చిల్లు పెడదాం," అన్నాడు. అక్క ఎండకి మాడిపోయిన ఆ టేపు ముక్క పీకింది. కింద పెన్సిల్ చుక్కలు రెండున్నాయి. అతను సరిగ్గా ఆ చుక్కల మీదే చిల్లులు పెట్టి, జిగురు నింపి, మరలు బిగించేశాడు. నేను కాఫీ ఫ్లాస్కు మూత తీసేలోగా పనైపోయింది.

"రేనో, ఈ గుర్తులు మొదటిరోజే పెట్టావా?" అంది అక్క.

"ఊఁ."

"మరి ఇన్నాళ్లూ బుడగలన్నావు?"

"ఉన్నాయి. నువ్వు పిడి పట్టుకుంటే పడవ వంకర్లు పోయేది. అలా పోతే బుడగలు రావూ? ఇప్పుడు రావట్లేదు."

అక్క ఆ టేపు ముక్కని మడిచి జేబులో పెట్టుకుంది. నాకైతే ఆ మనిషికి దండం పెట్టాలనిపించింది. కానీ చేతుల్లో ఫ్లాస్కుంది.

మర్నాడు అక్క ఒక్కతే వెళ్లింది. రేవంతా ఒడ్డునే నిలబడింది. మధ్యాహ్నానికి పడవ తిన్నగా, గీత గీసినట్టు వచ్చి ఆగింది. అక్క రెండు చేతులా ట్రౌట్ ఎత్తి చూపించింది. దిగీ దిగగానే రేనోకి కాఫీ పోసింది. ఆత్రంగా ఎత్తి పోయడంతో కప్పునిండా నురగ.

అతను అలవాటుగా తొంగి చూశాడు.

"బుడగలున్నాయి," అన్నాను నేనే.

"ఉంటే ఉండనీ," అని గటగటా తాగేశాడు.