సుగుణ మేడం పెట్టని సంతకం

కరెంటు పోగానే యూపీఎస్ కీచు కీచుమని మొత్తుకుంటుంది చూడండి, ఆ చప్పుడు చెవిన పడితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నిన్న మా ఆఫీసులో అలాగే మోగింది. పక్క సీటు అమ్మాయి తాపీగా టీ తాగుతూనే ఉంది. నేను మాత్రం అజీజ్‌నగర్‌లోని ఆ పాత గదిలోకి వెళ్లిపోయాను. అక్కడ యూపీఎస్ అరిస్తే దానికన్నా గట్టిగా ఇంకో గొంతు లేచేది. "సేవ్ కొట్టుండ్రి! చేతులు చచ్చువడ్డయా ఏంది?" ఆ గొంతు సుగుణ మేడంది. ఆమె మీకు తెలియదు. తెలియాల్సిన మనిషే, తెలియకుండా చేశారు. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను.

హైదరాబాద్ మొత్తం సాఫ్ట్‌వేర్, సాఫ్ట్‌వేర్ అని ఊగిపోతున్న రోజులవి. స్టాటిస్టిక్స్‌లో డిగ్రీ అయిపోగానే, చిల్కూరులో మా ఇంటి నుంచి ఆటోలో వెళ్లి రాగలిగే దూరంలో నాకు ఉద్యోగం దొరికింది. ఎవరో పొలం అమ్ముకుంటే అది ఫాంహౌస్ అయింది, ఫాంహౌస్ మా ఆఫీసయింది. వెనక నీళ్లు లేని ఈతకొలనులో అట్టపెట్టెలు పేర్చి ఉండేవి. మా కంపెనీ తయారుచేసేది షుగర్ మిషన్లు. వేలు గుచ్చి ఒక్క రక్తపుచుక్క పట్టీ మీద పెడితే షుగరెంతో చెప్పే చిన్న మిషన్లు. అవి ఎంత సరిగ్గా చెబుతున్నాయో లెక్కగట్టే విభాగానికి పెద్ద సుగుణ మేడం. చేవెళ్లలో దుకాణాలు నడుపుకునే కోమట్ల ఇంటి ఆడపడుచు, అంతకుముందు కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పేది. మిషన్ పాసయిందని ఆమె రిపోర్టు మీద సంతకం పెడితేనే అది గేటు దాటాలి. అది రూలు.

మొదటి రోజే నన్ను ఇంకొకమ్మాయితో వీపు వీపు కలిపి కూర్చోబెట్టింది. ఒకే లెక్క ఇద్దరం చేయాలి, ఒకరితో ఒకరు మాట్లాడొద్దు. ఆ అమ్మాయి ఏటేటా కిరాయి కట్టే పెద్ద సాఫ్ట్‌వేర్‌లో, నేను ఎవరికీ పైసా కట్టక్కర్లేని ఆర్ అనే సాఫ్ట్‌వేర్‌లో. అన్నం తినేటప్పుడు మేం గుసగుసలాడుతుంటే చూసి గిన్నెలతో సహా చెరో మూలకు పంపింది. "ఇద్దరు గూడబలుక్కొని ఒక్క తప్పే జేస్తే, నాకెట్ల తెలుస్తది?" అని విసుక్కుంది. కంపెనీలో అందరి చేతా ఆర్ వాడించాలని ఆమె పంతం. దాని కోసం ప్రతి లెక్కా రెండింట్లో చేయించి, ఎక్కడ కలిశాయో, ఎక్కడ కలవలేదో, ఎందుకు కలవలేదో రాయించి పెట్టేది.

"ఫుకట్‌ది అని కాదే లతా," అని ఒకసారి నాతో అంది. "పైసల్ ఇచ్చి తెచ్చినదాన్ని లోపల ఏం జేస్తున్నవే అని అడిగితే చెప్పది. దీని పొట్ట ఇప్పి నేను సూడొచ్చు, నువ్వు సూడొచ్చు, మనల్ని నమ్మనోడు గూడ సూడొచ్చు. మందుల పనిల గంతకన్న ఏం గావాలె?"

మా ఎండీకి ఆ మాటంటే వెటకారం. ఆయన దాన్ని 'ఉత్త సాఫ్ట్‌వేర్' అనేవాడు. మీటింగ్‌లో అందరి ముందూ, "రేపు లెక్క తప్పితే ఎవని గల్ల వట్టుకోవాలె మేడం? దానికి కంపెనీ లేదు, అడ్రస్ లేదు" అన్నాడు. ఈమె తడుముకోలేదు. "నా గల్ల వట్టుకోండ్రి సార్. నేను రోజు గీడనే ఉంట గద" అంది. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

కొత్త మిషన్ వచ్చింది. చేవెళ్ల దవాఖానకు వచ్చే షుగర్ రోగుల్లో నూరు మందికి మా మిషన్‌తోనూ, ల్యాబ్‌లోనూ రక్తం చూశారు. ఒక్కొక్కరి దగ్గర మిషన్ ఎంత తప్పు చెప్పిందో తీసి, తక్కువ తప్పు నుంచి ఎక్కువ తప్పుకు వరుసగా నిలబెట్టాలి. తొంభై అయిదుగురి దగ్గర గీత గీయాలి. గీత పడ్డచోట తప్పు హద్దు లోపల ఉంటే మిషన్ పాస్, హద్దు దాటితే ఫెయిల్. ఆ గీత ఎక్కడ గీయాలన్నది ఒక్కో సాఫ్ట్‌వేర్‌కు ఒక్కో అలవాటు. పెద్ద సాఫ్ట్‌వేర్ తొంభై అయిదో మనిషికీ తొంభై ఆరో మనిషికీ సరిగ్గా నడుమ గీస్తుంది. ఆర్‌ను దాని మానాన వదిలేస్తే తొంభై అయిదో మనిషిని ఆనుకునే గీస్తుంది. రెండూ శాస్త్రం ఒప్పుకున్నవే. అందుకే మేడం ఒక్క చుక్క రక్తం తీయకముందే, నడుమ గీస్తామని ప్లాన్‌లో రాసి పెట్టింది.

నడుమ గీస్తే మిషన్ ఫెయిల్. తొంభై అయిదును ఆనుకుని గీస్తే పాస్. ఈ తేడాను దాచకుండా తన రిపోర్టులో తనే రాసింది మేడం.

మర్నాడు ఎండీ మా గదికి వచ్చాడు. ఎప్పుడూ రానివాడు వచ్చాడు, పైగా మిఠాయి డబ్బా పట్టుకొని వచ్చాడు. "మేడం, మీరే గెలిచిండ్రు. ఇయ్యాల్టి సంది కంపెనీ మొత్తం మీ ఆర్ మీదనే నడుస్తది. అందరికి ట్రైనింగ్ మీరే ఇయ్యాలె."

నా గుండె ఎగిరి గంతేసింది. మేడం ముఖం మాత్రం నల్లబడింది.

"ఈ మిషన్ లెక్క గూడనా సార్?"

"దాంతోనే షురూ జేద్దాం. దాంట్ల పాస్ వచ్చింది గద."

"ప్లాన్ల నడుమ గీస్తమని రాసినం. ఆర్‌ల ఒక్క మాట మారిస్తే అది గూడ నడుమనే గీస్తది. గప్పుడు ఫెయిలే."

"మరి మార్చకుండ్రి." ఆయన నవ్వాడు. "మనమేం చేసినం? సాఫ్ట్‌వేర్ ఇచ్చిన నంబరే గద. జర సమజ్ చేస్కోండ్రి. మీకు కావాల్సింది నేనిస్తున్న."

ఎంత సిగ్గులేనితనం! ఇన్నాళ్లూ ఎకసెక్కాలాడిన నోటితోనే దాన్ని నెత్తిన పెట్టుకున్నాడు, అది కూడా తన తప్పు దాని మీదకు తోయడానికి. మేడం డబ్బా మూత పెట్టి ఆయన వైపు జరిపింది. "సూసినంక గీత జరిపితే దాన్ని లెక్క అనరు సార్, దొంగతనం అంటరు. నేను సంతకం పెట్ట."

ఆయన వెళ్లాక ఆమె ఏడ్చింది. ఏడుస్తూనే తిట్టింది. "ఇన్నేండ్లు పిల్లను సాకినట్టు సాకిన్నే దీన్ని. ఇయ్యాల దొంగతనానికి తోల్కపోతనంటున్నడు!" కళ్లు తుడుచుకుని మళ్లీ కీబోర్డు ముందుకు జరిగింది. ఫెయిల్ అని రిపోర్టు రాసి, ప్రింట్ తీసి, దాని మీద సంతకం పెట్టి ఎండీ బల్ల మీద పెట్టి వచ్చింది.

ఆ వారమే ఆమెను తీసేశారు. నలుగురితో కలిసి పనిచేయడం చేతకాదని కారణం చెప్పారు. మా గది గడప కూడా తొక్కని ఎవరో పెద్దమనిషి సిటీలో కూర్చుని ఇంకో రిపోర్టు మీద సంతకం పెట్టాడు. మిషన్ గేటు దాటింది. నేనూ మానేశాను. దొరికిన నౌకరీ కాలదన్నుకున్నానని బాపు నెలంతా నాతో సరిగ్గా మాట్లాడలేదు.

కొన్నాళ్లకు మేడంను చూడటానికి చేవెళ్ల వెళ్లాను. ఇంట్లో లేదు. తమ్ముడి మెడికల్ షాపులో ఉందన్నారు. వెళ్లి చూద్దును కదా, కౌంటర్ పక్కన మా మిషన్ల డబ్బాలు, వాటి ముందు కుర్చీ వేసుకుని మేడం! మిషన్ అడిగిన ప్రతివాళ్లకూ ఒకటే మాట చెబుతోంది. "ఇది తీస్కోకు. దవాఖానకు పోయి చూపించుకో." తమ్ముడు తల పట్టుకున్నాడు.

"అక్కా, నీకు దండం వెడత. అందరు అమ్ముతున్నరు. నేనొక్కన్ని బంద్ వెడితే ఏమైతది?"

"నీ దుకాణంల బంద్ అయితది. నాకు గంతే చాలు."

అప్పుడే ఒక అవ్వ వచ్చింది. గుచ్చి గుచ్చి నల్లబడిన వేలు చాపి, "గీ మిషన్ మంచిగ చెప్తలేదా బిడ్డా? మరి నేను సూది మందు దీన్ని జూసే వేస్కుంటున్న గద" అంది.

మేడం లేచి ఆ వేలు పట్టుకుంది. "కొందరికి మంచిగనే చెప్తది అవ్వా. కొందరికి చెప్పది. నువ్వు ఏ కొందర్లున్నవో నీకు చెప్పకుండ అమ్మిన్రు" అంది. తమ్ముడు డబ్బాలన్నీ కార్టన్‌లోకి తోసి, టేపు వేసి, లోపలికి మోసుకుపోయాడు. పక్క దుకాణంలో మాత్రం అదే మిషన్ అమ్ముతూనే ఉన్నారు.

ఇవాళ మందుల కంపెనీల్లో ఆర్ వాడటం గొప్ప. ఆ ఎండీ కూడా సభల్లో తానే ముందు తెచ్చానని చెప్పుకుంటున్నాడట. చెప్పుకోనీ. ఇప్పుడు ఇంకో కంపెనీలో రిపోర్టుల మీద సంతకం పెట్టే సీటులో నేనున్నాను. "మేడం, గిట్ల చూస్తే పాస్ అయితది" అంటూ ఎవరైనా మెల్లగా నా దగ్గరికి వస్తారు. పోయిన నెల కూడా ఒకాయన వచ్చాడు. నాకు ఆ అవ్వ వేలు కనబడింది. ఆ తర్వాత నేను అరిచిన అరుపు కింది అంతస్తుదాకా వినిపించిందట.