కరీంనగర్ కలిసిన అంగారక మట్టి

మంచిర్యాల కొత్తగా జిల్లా అయిన మరుసటి ఏడాది వేసవిలో మా సంస్థ నాకు ఒక పని అప్పగించింది. అంగారకుడి నేలను పోలిన మట్టి రెండు టన్నులు తయారు చేయాలి. అప్పటికి నేను గ్రహ ఉపరితల విభాగానికి అధిపతిని. పదవి పేరు ఘనంగానే ఉంటుంది గానీ పనిలో సగం రాళ్లు మోయించడం, మిగతా సగం ఆ రాళ్ల గురించి పై అధికారులకు సంజాయిషీలు రాయడం.

గ్రహాల మీద పరిశోధన అనగానే దుర్భిణికి కన్ను ఆనించి కూర్చోవడమని చాలామంది అనుకుంటారు. నా ఉద్యోగకాలమంతా కలిపినా దుర్భిణి ముట్టింది తక్కువ. అంగారకుడి నేల చాలామటుకు లావా గడ్డకట్టిన నల్లరాయి పొడి. అక్కడి మట్టి మనకు దొరకదు కాబట్టి అలాంటి రాయినే ఇక్కడ వెతికి, పొడి చేయించి, దాని మీద అక్కడికి పంపే బండి చక్రాలు నడిపి ఎంత అరుగుతాయో చూస్తాం. ఆ పొడిని మేం నమూనా మట్టి అంటాం. ఆదిలాబాద్ వైపు, జైనూర్ చుట్టుపక్కల గుట్టల్లో ఆ నల్లరాయికి కొదవ లేదు.

ఈ పని నడిపింది రజిత. మంచిర్యాల అమ్మాయి, ప్రాజెక్టు సైంటిస్టు. అంటే ప్రాజెక్టు ఉన్నంతకాలమే ఉద్యోగం. పొడిగించాలా వద్దా అన్నది సమీక్షా సంఘం తేలుస్తుంది. సంఘం మొదట చూసేది పరిశోధన వ్యాసాల జాబితా, అందులోనూ మొదటి పేరు ఎవరిదన్నది. వ్యాసంలో మొదటి పేరు పనిచేసిన మనిషిది. చివరి పేరు తరచుగా నాలాంటి పెద్దమనిషిది. రజిత పేరు చాలా వ్యాసాల్లో నడుమ ఎక్కడో ఉంది, మొదట ఒక్కదాంట్లోనూ లేదు. నమూనా మట్టి వ్యాసం అచ్చయితేనే ఆమె ఉద్యోగం నిలుస్తుంది. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

జైనూర్ నుంచి లారీలో తెప్పించిన రాయిని కరీంనగర్ శివారులో కొమురయ్య అనే పెద్దాయన క్రషర్‌లో ఆడించాం. అక్కడ రోజూ ఆడేది గ్రానైటు. ఒక రాయి ఆడిన యంత్రంలో మరో రాయి వేసే ముందు దాన్ని కడగాలి. అందుకు నీళ్లు వాడం. కొత్త రాయినే కొంత ఆడించి ఆ పొడిని పారబోస్తాం. రజిత ఆ పని మళ్లీ మళ్లీ చేయించింది.

"మా కోడలు గూడ బియ్యం గిన్నిసార్లు కడుగది బిడ్డా" అని కొమురయ్య నవ్వాడు.

కడగడం అయ్యాక మొదట వచ్చిన పొడిలోంచి, అందులో ఏమున్నాయో పరీక్షించడానికి, రజిత తన చేతులతో కొంత తీసి డబ్బాలో పెట్టుకుంది. జల్లెడ పట్టి బస్తాలకు ఎత్తే పని కొమురయ్యకు అప్పగించి మేం వచ్చేశాం. కొన్నాళ్లకు బస్తాలు చేరాయి. తూకం వేయిస్తే రెండు టన్నులూ సరిగ్గా ఉన్నాయి. ఇలాంటి మనిషి దొరకడం అదృష్టమని ఆ రోజు నేనే అందరితో అన్నాను.

ఆ మట్టి మీద చక్రాలు అనుకున్నదానికంటే చాలా తొందరగా అరిగిపోయాయి. రజిత పరీక్ష తిరగజేసింది, ఫలితం మారలేదు. ఇది కొత్త సంగతి. వ్యాసం రాసి పత్రికకు పంపింది. పేరు బయటపెట్టకుండా వ్యాసాన్ని పరీక్షించే తోటి శాస్త్రవేత్తలను రెఫరీలంటారు. ఇద్దరు రెఫరీలూ మెచ్చుకున్నారు. అంగీకరించినట్టు కబురు వచ్చిన మర్నాడు రజిత విభాగం మొత్తానికీ సర్వపిండి చేసి తెచ్చింది.

అచ్చుకు ముందు మట్టి గింజల ఫొటో ఇంకా స్పష్టంగా కావాలని పత్రికవాళ్లు అడిగారు. అంతవరకూ గింజల పరీక్షలకు వాడిన డబ్బాలోది అప్పటికే అయిపోవడంతో ఆమె ఒక బస్తా విప్పి, చిటికెడు పొడి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. కాసేపటికి నా గది గుమ్మంలో నిలబడి, "సార్, జర వచ్చి చూస్తరా?" అంది.

నల్లటి గింజల నడుమ పలుగురాయి గింజలున్నాయి. అంతవరకైతే ఫికర్ పడనక్కర్లేదు, జైనూర్ నల్లరాతి బుడగల్లో కూడా పలుగు పేరుకుంటుంది. కానీ పక్కనే గులాబీ రంగు ఫెల్డ్‌స్పార్ గింజలు, మెరిసే అభ్రకం కనిపించాయి. ఆ మూడూ కలిసి కనిపిస్తే అది గ్రానైటే. చక్రాలను అంత తొందరగా అరగదీసింది ఆ గట్టి గింజలేనని ఇద్దరికీ అర్థమైంది.

మర్నాడే కరీంనగర్ వెళ్లాం. నేను మండిపడుతూ వెళ్లాను. కొమురయ్య ఎదురొచ్చి, కుర్చీలు వేయించి, చాయ్ తెప్పించాడు. అడగ్గానే ఏమీ దాచకుండా చెప్పాడు.

"జల్లెడ పట్టినంక తూకం తక్కువ పడ్డది సారూ. మీరు రెండు టన్నులన్నరు. మన క్రషర్‌కెల్లి తక్కువ తూకం పోయిందన్న మాట ఇన్నేండ్లల్ల రాలే. గందుకే మన డస్టు కలిపిన. మంచిదే కలిపిన, ఎక్స్‌పోర్టు రాయిది."

"ఎన్ని బస్తాలల్ల కలిపిన్రు?" అని రజిత అడిగింది.

"అన్నిట్ల సమానంగనే. ఒకదాంట్ల ఎక్కువ, ఒకదాంట్ల తక్కువ ఎట్ల కలుపుత బిడ్డా?"

నా కోపం ఎక్కడ దించుకోవాలో తెలియలేదు. మా ముఖాలు చూసి ఆయన పరేషాన్ అయ్యాడు. "తప్పు జేసిన్నా?" అన్నాడు. "మీరు మా మంచికే చేసిన్రు పెద్దబాపు. మాకు తక్కువున్నా నడుస్తుండె" అని రజిత లేచి నిలబడింది.

కారు మానేరు వంతెన దాటింది. అప్పుడు ఆమె అంది: "మనం కొలిచింది అంగారకుణ్ని కాదు సార్, కరీంనగర్‌ను." ఇద్దరం పగలబడి నవ్వాం. ఆ వెంటనే ఆమె కిటికీ వైపు తిరిగి చాలాసేపు ఏడ్చింది. నేను డ్రైవర్‌ను రేడియో పెట్టమన్నాను.

మా డైరెక్టర్ చెడ్డవాడు కాదు. నల్లరాయిలో సహజంగా పేరుకున్న పలుగు కూడా కారణం కావచ్చని ఒక వాక్యం చేర్చి వ్యాసాన్ని వదిలేయమన్నాడు. రెఫరీలు అడ్డు చెప్పరని, సమీక్ష వచ్చే నెలలోనే ఉందని గుర్తుచేశాడు. నిర్ణయం మొదటి పేరు గల మనిషిదేనని నేనన్నాను. ఆమె ఆ వాక్యం రాసేస్తే బాగుండునని లోలోపల నాకూ ఉంది.

"పలుగు సంగతి రాస్త సరే. గా గులాబీ గింజను యాడ దాయాలె సార్?" అని రజిత అడిగింది. సాయంత్రంలోగా వ్యాసాన్ని ఉపసంహరించుకుంటున్నట్టు పత్రికకు రాసేసింది.

సమీక్షలో నేను చెప్పవలసినదంతా చెప్పాను. సంఘం వాళ్లు మర్యాదగా విన్నారు. ఉపసంహరించుకున్న వ్యాసాన్ని దేని కింద చూపాలో నిబంధనల్లో లేదన్నారు. పొడిగింపు రాలేదు. రజిత మంచిర్యాల వెళ్లి ఒక డిగ్రీ కళాశాలలో పాఠాలు చెప్పుకుంది. సెలవుల్లో వచ్చి, మా ప్రయోగశాలలోని చిన్న మరలో నల్లరాయిని కొంచెం కొంచెంగా ఆడించి పరీక్షలన్నీ మళ్లీ చేసింది. చక్రాలు అందరూ అనుకున్నట్టే అరిగాయి. కొన్నేళ్లకు ఆ వ్యాసం ఆమె మొదటి పేరుతో, కళాశాల చిరునామాతో అచ్చయింది. మొదటి పేరు మా ఉద్యోగిది కాదు కాబట్టి మా వార్షిక నివేదికలో దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

ప్రచురణల జాబితా ఏది అచ్చయిందో చెబుతుంది. ఏది అచ్చుకాకుండా ఎవరు ఆపారో అందులో ఉండదు. ఇది తెలిశాక, ఎంపిక సంఘాల్లో కూర్చున్నప్పుడల్లా అభ్యర్థులను ఒక ప్రశ్న అడుగుతూ వచ్చాను: మీ అంతట మీరు వెనక్కి తీసుకున్న వ్యాసం ఏదైనా ఉందా? చాలామంది తెల్లమొహం వేసేవారు. ఉందని చెప్పి కారణం వివరించినవాళ్లు ఇద్దరే. ఒకతన్ని తీసుకోగలిగాం. రెండో అమ్మాయికి కావలసిన వాటిలో ఒక వ్యాసం తక్కువైందని తక్కిన సభ్యులు ఒప్పుకోలేదు.