ఎర్ర చుక్క పెట్టిన రేడియోలు

ఫిజీ దీవుల్లోని లౌటోకాలో మా రేడియో ఫ్యాక్టరీ తెరిచేనాటికి దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఎన్నో ఏళ్లు కాలేదు. అది సర్కారు పెట్టిన ఫ్యాక్టరీ. బయటినుంచి వచ్చే రేడియోల మీద గట్టిగా సుంకం వేసి, మన రేడియో మనమే చేసుకుందామన్నారు. మొదటి విడతలోనే నేను చేరాను. మా ఆయనది రారవాయి చక్కెర మిల్లులో పని. చెరకు ఆడించే నెలల్లోనే ఆయనకు జీతం, మిగతా కాలమంతా ఖాళీ. ఆ ఖాళీ నెలల్లో మా ఇల్లు నడిచింది నా సోల్డరింగ్ మీదే. ఈ మాట ఆయన ఎదుటే అంటాను. ఆయన కాదనడు.

మొదట్లో మా రేడియోను ఎవరూ నమ్మలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు కదా. కొట్టుకు వచ్చినవాళ్లు "బాహర్ వాలా లేదా?" అని బయటి రేడియోనే అడిగేవాళ్లు. తప్పంతా వాళ్లది కాదు. మాకు ఇచ్చిన డ్రాయింగులు ఏదో చలిదేశం కోసం గీసినవి. పక్క దీవిలో, వాయినికోరోలో చెరకు పండించే మా అక్క, చెల్లెలు చేసింది కదా అని ఒకటి కొనుక్కుంది. మొదటి వానలకే అది మూగబోయింది. దాన్ని ఓడలో వెనక్కి పంపుతూ కబురు చేసింది. "నీ రేడియోకి జుకామ్ పట్టింది. మందు వెయ్యి."

నాకు ఒళ్లు మండింది. పక్క బల్ల దగ్గర పనిచేసే ఫిజియన్ స్నేహితురాలికి చెబితే ఆమె పడీ పడీ నవ్వింది.

"జలుబు చేస్తే మీ ఇంట్లో ఏం చేస్తారు?" అని అడిగింది.

"ఆవిరి పడతాం," అన్నాను.

"అయితే పడదాం."

ఆమె వేళాకోళానికి అనలేదు. మేనేజరు దగ్గర అనుమతి తీసుకుని ఒక పాత బట్టల అలమారా తెచ్చాం. అడుగున మరిగే కెటిల్ పెట్టి, పై అరల్లో మోగుతున్న రేడియోలను పేర్చి తలుపు మూసేశాం. మూగబోయిన ప్రతిదాన్నీ విప్పి చూశాం. తేమ కాయిల్‌లోకి దిగుతోందని తేలింది. కాయిల్‌ను మైనంలో ముంచడం అప్పుడే మొదలుపెట్టాం. పాళ్లు కుదిరేసరికి మా ఇద్దరి వేళ్లూ బొబ్బలెక్కాయి. ఆ తరువాత ఆ అలమారాలో కూర్చోకుండా ఒక్క రేడియో కూడా మా ఫ్యాక్టరీ గుమ్మం దాటలేదు.

ఆవిరిలోంచి పాడుతూ బయటికి వచ్చినదానికి వెనక స్క్రూ మీద లక్క రంగుతో చుక్క పెట్టేవాళ్లం. నేను పరీక్షించినవాటికి ఎరుపు, ఆమె పరీక్షించినవాటికి పచ్చ. ఎవరైనా రేడియో విప్పితే చుక్క చెదిరిపోతుంది. ఎందుకో గాని జనానికి ఎరుపు మీద గురి కుదిరింది. కొట్లలో "లాల్ టిక్కా వాలా దో" అని అడిగి మరీ కొనేవాళ్లు. పచ్చ చుక్కది కూడా అంతే మంచిదని నేను ఎందరికి చెప్పానో. వాళ్లు వింటేగా.

సాయంత్రం లౌటోకా శివారు నటబువాలో టీచర్ల ఇళ్ల ముందు నడిచి వెళుతుంటే మొదటి ఇంట్లో మొదలైన వార్త చివరి ఇంటి దాకా ఒక్క మాట జారిపోకుండా వినిపించేది. అవన్నీ మా రేడియోలే. నా నడక నెమ్మదించేది. ఇక మా అత్త సంగతి చెప్పనక్కర్లేదు. ఇంట్లో రేడియోను దేవుడి పటాల పక్కన పెట్టి, వచ్చినవాళ్లకు కోడలి చుక్క కనబడాలని దాన్ని గోడవైపు తిప్పి ఉంచేది. పాట గోడ వినేది, మేం వీపు చూసేవాళ్లం.

సైన్యం సర్కారును దించేశాక రోజులు మారాయి. మాలాంటి భారతీయులకు ఇక్కడ భరోసా పోయి, మా దగ్గర పని నేర్చినవాళ్లు ఒక్కొక్కరే న్యూజిలాండ్ విమానం ఎక్కారు. తరువాత సుంకం తగ్గించారు. ఓడల్లో చవక రేడియోలు దిగాయి. ఒకరోజు పొద్దున మా బల్లల మీద విడిభాగాలకు బదులు పూర్తిగా తయారైన రేడియోలు కనిపించాయి. ముందు మా ఫ్యాక్టరీ పేరు, వెనక 'ఫిజీలో తయారైనది' అని లేబులు. చుక్క ఒక్కటే పెట్టాలి, అన్నాడు కొత్త మేనేజరు.

ముందు అలమారాలో పెడతానన్నాను. అవి మూగబోవాలని మనసారా కోరుకున్నాను. దొంగమాట ఎందుకు? అవి మూగబోలేదు. రోజంతా ఆవిరి తాగి, తలుపు తీస్తే హాయిగా పాడుతున్నాయి.

"బాగున్నాయి సర్," అన్నాను.

"మరి చుక్క పెట్టు."

"లేబుల్ తీసెయ్యండి, పెడతా. ఇవి హమ్ లోగ్ నై బనాయా."

"నీకు కామ్ కావాలా, లేబుల్ మీద ఝగ్‌డా కావాలా?" అన్నాడు. కోపంతో అనలేదు. అతని మీద పైవాళ్లున్నారు. మిల్లు ఆగి ఉన్న కాలం, మా ఆయన ఇంట్లో ఉన్నాడు. ఆ సంగతి నాకు తెలుసు. కుంచె తుడిచి, ఎర్ర రంగు సీసాకు మూత బిగించి, సంచి తీసుకున్నాను. నా స్నేహితురాలు తల వంచుకుని పచ్చ సీసా అందుకుంది. ఆమె భర్త మంచం పట్టి ఉన్నాడు. అయినా మా ఊరు బా చేరేదాకా బస్సులో ఆమెను తిట్టుకుంటూనే ఉన్నాను.

అత్త అడిగింది. "రేడియో ఖరాబా?"

"బాగుంది అత్తా. మేం చెయ్యలేదు, అంతే."

"అయితే ఠీక్," అంది. "పొలంల డాలో దుంప ఉంది. తింటం." మా ఆయన గునపం తీసుకుని ఆ దుంపలు తవ్వడానికి వెళ్లాడు.

ఆదివారం నా స్నేహితురాలు వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. గుమ్మం లోపల చాప మీద కూర్చుని, దంచి నీళ్లలో కలిపి తాగే యాంగోనా వేర్ల కట్ట నా ముందు పెట్టి తల వంచింది. క్షమించమని అడగడానికి వాళ్ల పద్ధతి అది. ఎదుటివాళ్లు ఆ వేర్లు ముట్టుకుంటే తగవు తీరినట్టు. ముట్టుకోకపోతే తీరనట్టే.

"మేనేజరు నీ సీసా నాకు ఇచ్చాడు," అంది హిందీలో. "దుకాన్‌వాళ్లు ఎర్రదే అడుగుతారు, అదే పెట్టు అన్నాడు. నా పచ్చది పెట్టేశా. ఇల్లు గడవాలి. లాల్ వాలా మాత్రం హమ్ నై ఛువా. అది నీది."

ఎర్రది ముట్టనన్నందుకు ఆమె పని కూడా పోయినా పోయేదే. ఆ మాట ఆమె అనలేదు, నాకే తట్టింది. బస్సులో తిట్టుకున్నవన్నీ గుర్తొచ్చాయి. రెండు చేతులతో వేర్లు అందుకున్నాను. అత్త రోలు కడగడానికి లేచింది.

ఫ్యాక్టరీ ఆ మరుసటి ఏడు చూడలేదు. ఇప్పుడక్కడ ఏదో గోదాము ఉంది. దానికి నేను బాధపడ్డాను గాని తలవంచుకోలేదు. ఎర్ర చుక్క ఉన్న రేడియో ఈ దీవుల్లో ఎవరి ఇంట్లో ఉన్నా, అది మేం చేసిందే.